పాత ఎముకలో జబ్బు వెతకాలంటే: డీఎన్ఏ చేయించాలా, ప్రొటీన్ చేయించాలా?

మొన్న వేసవిలో హబ్సిగూడ చౌరస్తా దగ్గర చాయ్ తాగుతుంటే, ఆర్కియాలజీలో ఎమ్మే చదివే అమ్మాయి ఒకరు ఫోన్‌లో ఫొటో చూపించింది. సగం విరిగిన కింది దవడ, దానికి అయిదు పళ్ళు. మన ఊళ్ళలో రాక్షస గుళ్ళు అంటామే, ఆ పెద్దరాతి సమాధుల్లో ఎప్పుడో దొరికిందట. అప్పటి నుంచి అట్టపెట్టెలోనే ఉంది.

"సార్, ఈ మనిషికి ఏం జబ్బులు ఉండేవో తెలుసుకోవాలి. డీఎన్ఏ చేయిస్తే మంచిదా, ప్రొటీన్ చేయిస్తే మంచిదా?"

నేను ఏళ్ళ తరబడి మాస్ స్పెక్ట్రోమీటర్ల (ముక్కల బరువుని బట్టి ప్రొటీన్లని పట్టే యంత్రాలు) పక్కన కూర్చున్నవాణ్ణి. ప్రొటీన్ చేయించమనే అంటానని ఆమె అనుకున్నట్టుంది. "ఏ జబ్బు కోసం?" అని అడిగాను. "ఏదైనా సరే" అంది. చిక్కంతా అక్కడే. ఏదైనా సరే అని మొదలుపెడితే పన్ను పొడి అయిపోతుంది, జవాబు మాత్రం రాదు. ఆ రోజు ఆమెకు చెప్పినవీ, చాయ్ అయిపోవడంతో చెప్పలేకపోయినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

దొంగ ఎవరు, ఇంట్లోవాళ్ళు లేచారా

డీఎన్ఏ పరీక్ష వెతికేది ముఖ్యంగా జబ్బు తెచ్చిన క్రిమిని. పంటి గుజ్జు ఉండే గదిలోనో ఎముకలోనో ఆ క్రిమి డీఎన్ఏ తునకలు మిగిలి ఉంటే దాని పేరు చెప్పొచ్చు, ఏ శాఖకు చెందిందో, ఈనాటి రకాలతో దానికి ఏం చుట్టరికమో కూడా చెప్పొచ్చు. లండన్‌లో ఈస్ట్ స్మిత్‌ఫీల్డ్ అనే చోట 14వ శతాబ్దపు ప్లేగు మృతుల్ని పాతిపెట్టిన శ్మశానం ఉంది. వాళ్ళ పళ్ళ నుంచి 2011లో ప్లేగు బ్యాక్టీరియా జీనోమ్‌ను (పూర్తి జన్యు సమాచారాన్ని) దాదాపు మొత్తంగా కూర్చగలిగారు. ఇంత పూర్తి సమాచారం ప్రొటీన్‌తో రాదు. అంత రావాలని ఆశించకూడదు కూడా.

ప్రొటీన్ల అసలు బలం క్రిమి వైపు కన్నా మనిషి వైపు ఎక్కువ. ఇంట్లో పడ్డ దొంగ ఎవరో డీఎన్ఏ చెబుతుంది. దొంగ పడ్డప్పుడు ఇంట్లోవాళ్ళు లేచారా, కర్ర అందుకున్నారా, నిద్రపోతూనే ఉన్నారా అన్నది ప్రొటీన్లు చెబుతాయి. మన దేశంలో ఈ తేడా మరీ ముఖ్యం. టీబీ క్రిమి ఒంట్లో ఉన్నా జబ్బు పడకుండానే బతుకు వెళ్ళదీసేవాళ్ళు మన చుట్టూ ఎంతోమంది. రెండు వేల ఏళ్ళ తర్వాత ఎవరో మన ఎముకల్లో ఆ డీఎన్ఏ చూసి "పాపం, క్షయతో పోయాడు" అని రాసేస్తే?

దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ అర్జెంటీనాలోని యుయాయాకో పర్వతం. 6,700 మీటర్ల పైన, మంచులో, 500 ఏళ్ళ కిందట ఇంకాలు బలి ఇచ్చిన పిల్లల దేహాలు 1999లో దొరికాయి. వారిలో కాస్త పెద్దమ్మాయి పెదవుల దగ్గర తీసిన స్వాబ్‌ను మాస్ స్పెక్‌లో పెట్టి చూసి, 2012లో ఫలితాలు ప్రచురించారు. దీర్ఘకాలం ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్ళలో కనిపించే రోగనిరోధక ప్రొటీన్ల తీరు ఆమెలో కనిపించింది. డీఎన్ఏ పరీక్షలో మైకోబ్యాక్టీరియం (టీబీ క్రిమి జాతి) జాడ కూడా దొరికింది. అదే శిఖరం మీద దొరికిన అబ్బాయి నమూనాలో ఆ తీరు లేదు. క్రిమి ఉందని ఒక పరీక్ష చెబితే, ఒళ్ళు దానితో పోరాడుతోందని రెండోది చెప్పింది. ఎముక కోసింది లేదు, పన్ను పీకింది లేదు.

కానీ అది మంచుకొండ. మనది హైదరాబాద్.

మన ఎండలో ఏది నిలుస్తుంది

డీఎన్ఏకి వేడి, తేమ రెండూ శత్రువులే. హర్యానాలోని రాఖీగఢీ (సింధు నాగరికత నాటి ఊరు) సంగతి చూడండి. అక్కడి 61 అస్థి నమూనాల నుంచి తీసిన పొడిని మన ఉప్పల్ రోడ్డులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలోనే, ప్రత్యేకమైన శుభ్రమైన గదుల్లో పరీక్షించారు. పనికొచ్చే డీఎన్ఏ వచ్చింది ఒక్కరి నుంచి. ఆ ఒక్క నమూనా మీదే పదేపదే పనిచేస్తే 2019లో అచ్చయి పేరు తెచ్చుకున్న పరిశోధన పత్రం వచ్చింది. అదే ఏడాది సీసీఎంబీ వాళ్ళు భాగస్వాములుగా హిమాలయాల్లోని రూప్‌కుండ్ సరస్సు అస్థికల ఫలితాలు కూడా వచ్చాయి. అయిదు వేల మీటర్ల ఎత్తున చల్లటి సరస్సు కాబట్టి 38 మంది డీఎన్ఏ చదవగలిగారు. అక్కడ అంటురోగాల బ్యాక్టీరియా కోసం కూడా వెతికారు, ఏదీ దొరకలేదు. దొరకలేదు కాబట్టి జబ్బు లేదని తేల్చేయలేం, అసలు మిగలనంత తక్కువ ఉండి ఉండొచ్చు. లేదన్న జవాబుని ఎలా చదవాలో నేర్చుకోవడానికి రూప్‌కుండ్ మంచి పాఠం.

ప్రొటీన్లు ఈ విషయంలో మొండివి. దక్షిణ చైనాలో వేడీ తేమా రెండూ ఉండే ప్రాంతంలోని గుహలో దొరికిన జైగాంటోపిథెకస్ అనే భారీ వానరం పంటి ఎనామిల్ (పంటి మీది గట్టి పొర) నుంచి ప్రొటీన్లు చదివారు. ఆ పన్ను వయసు సుమారు 19 లక్షల ఏళ్ళు. అంత వేడిలో అంతకాలం డీఎన్ఏ నిలవడం కల్లోమాట.

ఇది విని మావాళ్ళు చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ప్రొటీన్ నిలిచిందంటే జబ్బు సమాచారం నిలిచిందని అనుకుంటారు. ఎనామిల్ బాల్యంలోనే తయారై ఆగిపోతుంది, అందులో ఉండే ప్రొటీన్ రకాలు కూడా వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. ఆడా మగా చెప్పడానికి అది భేష్. నలభయ్యో ఏట వచ్చిన జబ్బు గురించి దాన్ని అడిగి లాభం లేదు. ఎముకది ఇంకో బాధ. అందులోని సేంద్రియ పదార్థంలో దాదాపు 90 శాతం కొల్లాజెన్ అనే ఒక్క ప్రొటీనే. మనకు కావలసిన రోగనిరోధక ప్రొటీన్ గొంతు ఆ కొల్లాజెన్ హోరులో వినపడదు. పెళ్ళి ఊరేగింపు బ్యాండు పక్కన నిలబడి ఫోన్ మాట్లాడినట్టే.

దహనం చేసిన అస్థికలైతే రెండు పరీక్షలకీ ఆశ దాదాపు వదులుకోవచ్చు. గట్టిగా కాలిన ఎముకలో కొల్లాజెన్ కూడా మిగలదు. మన సమాజంలో దహనం ఎంత పాతదో, ఎంత విస్తారమో గుర్తుంచుకుంటే, పరీక్షకి నోచుకునే అవశేషాలు మనకు ఎందుకు తక్కువో అర్థమవుతుంది.

అందరూ బ్రష్‌తో తోమి పారేసేది

పాత జబ్బుల వేటలో మన వాతావరణానికి నేను మొదటి ఓటు వేసేది పంటి గారకి. అవును, డెంటిస్టు గీకి పారేసే గారే. మనిషి బతికుండగానే ఉమ్మిలోని ఖనిజాలతో అది పొరలు పొరలుగా గట్టిపడి రాయి అవుతుంది. నోటిలోని బ్యాక్టీరియా, తిన్న తిండి తునకలు, చిగుళ్ళ నుంచి వచ్చిన తెల్లకణాల ప్రొటీన్లు అన్నీ ఆ రాతిలో ఇరుక్కుపోతాయి. ఎముకలోలా కొల్లాజెన్ హోరు ఉండదు. క్రిమిదీ మనిషిదీ రెండు కథలూ ఒకేచోట దొరుకుతాయి.

జర్మనీలో డాల్‌హైమ్ అనే చోట మధ్యయుగపు మనుషుల గార మీద చేసిన పని 2014లో వచ్చింది. చిగుళ్ళ జబ్బుకి కారణమయ్యే బ్యాక్టీరియాతోపాటు వాటితో పోరాడిన మనిషి ప్రొటీన్లు కూడా అందులో దొరికాయి. నార్వేలోని ట్రాన్‌హైమ్‌లో 16వ శతాబ్దపు ఒక వ్యక్తి గారలో కుష్ఠు బ్యాక్టీరియా డీఎన్ఏ, ప్రొటీన్లు రెండూ పట్టుకున్నారు. కుష్ఠు ముక్కు, నోటి భాగాన్ని తినే జబ్బు కాబట్టి అది అర్థవంతమే. కాలి ఎముకలో కణితి ఉంటే గారని అడిగి ప్రయోజనం ఉండదు.

తవ్వకాల్లో పాల్గొనే పిల్లలకు ఒక విన్నపం. దవడ దొరికితే ఫొటో బాగా రావాలని పళ్ళు తోమకండి. కింది ముందు పళ్ళ వెనకవైపు గార ఎక్కువ పేరుకుంటుంది, అదే ముందు పోతుంది. ఎముక విరిగిందని వెంటనే జిగురు పూయకండి. పాతకాలంలో వాడిన జిగుర్లు కొన్ని జంతువుల తోలు, ఎముకలు ఉడకబెట్టి తీసినవి, అంటే అచ్చమైన కొల్లాజెన్. తర్వాత మాస్ స్పెక్‌లో "పురాతన ప్రొటీన్" అని వెలిగేది ఆ జిగురే కావచ్చు.

జబ్బుని బట్టి దారి

ప్లేగులాంటి వేగంగా చంపే రోగమైతే డీఎన్ఏ, అదీ పంటి గుజ్జు గది నుంచి. ఇలాంటి జబ్బులు ఎముక మీద ఏ గుర్తూ వదలవు, గుర్తు పడేలోపే మనిషి పోతాడు. ఎముకల మీద పుండ్ల గుర్తులున్నవాళ్ళే ఎక్కువ జబ్బుపడ్డారని అనుకోకూడదనీ, ఆ గుర్తులు పడేదాకా బతికారంటే వాళ్ళే గట్టివాళ్ళు కావచ్చనీ 1992 నుంచి అస్థి శాస్త్రవేత్తలు హెచ్చరిస్తూనే ఉన్నారు. పంటి గుజ్జులో ప్లేగు బ్యాక్టీరియా ప్రొటీన్లు కూడా దొరికాయని 2017లో ఒక బృందం ప్రకటించింది. నేనైతే దాన్ని రెండో సాక్షిగా వాడతాను, మొదటి సాక్షిగా కాదు.

టీబీకి ప్రొటీన్ దారి పట్టాలనుకుంటే కాస్త ఆగండి. 2016లో ఒక బృందం పాత ఎముకల్లో టీబీ ప్రొటీన్ల కోసం జాగ్రత్తగా వెతికి, ఇది ఎంత కష్టమో నిజాయితీగా రాసింది. టీబీ క్రిమికి మట్టిలో బతికే దాయాదులు బోలెడు. వాటి ప్రొటీన్లు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. సమాధి మట్టిలోని దాయాదిని చూసి టీబీ అనుకునే ప్రమాదం ఉంది. ఇక్కడ వెన్నెముక గూని, ఎముక గుర్తులు, డీఎన్ఏ, ఆ క్రిమి గోడలోని మైకోలిక్ ఆమ్లాలు, ఈ నాలుగింటిలో కనీసం రెండు కలవాలి.

కుష్ఠుకి ఒక్కోసారి కళ్ళే చాలు. ఉదయ్‌పూర్ దగ్గర బాలాథల్‌లో దొరికిన దాదాపు 4,000 ఏళ్ళనాటి అస్థిపంజరంలో కుష్ఠు ఉందని 2009లో చెప్పింది ఎముకల మీది మార్పుల్ని చూసే.

మలేరియా అంటే మనకు సొంత వ్యవహారం. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ పరాన్నజీవిని చూసింది మన సికింద్రాబాద్‌లోనే కదా. పాత అవశేషాల్లో మలేరియాని పట్టే తొలి ప్రయత్నాల్లో ఒకటి ప్రొటీన్‌తోనే జరిగింది. ఈనాటి రాపిడ్ కిట్‌లో చూసేలాంటి యాంటిజెన్‌నే (క్రిమి ప్రొటీన్‌నే) 1994లో ఈజిప్టు మమ్మీల్లో పరీక్షించారు. బతికున్నవాళ్ళ రక్తం కోసం తయారైన కిట్‌ని వేల ఏళ్ళ కణజాలానికి వాడితే తప్పుడు పాజిటివ్ వచ్చే అవకాశం ఎక్కువ. ఇప్పుడైతే డీఎన్ఏనే మేలు. 2024లో 36 మంది పురాతన మనుషుల నుంచి మలేరియా పరాన్నజీవుల జన్యు సమాచారం తీయగలిగారు.

క్యాన్సర్ దగ్గర లెక్క మారుతుంది. బయటి నుంచి వచ్చిన క్రిమే లేనప్పుడు వెతకడానికి దొంగ ఎవరు? సైబీరియాలో అర్జాన్ అనే చోట సమాధి చేసిన 2,700 ఏళ్ళనాటి శక రాజు ఎముకల నిండా కణితుల గుర్తులున్నాయి. అవి ప్రోస్టేట్ నుంచి పాకినవని తేలింది ఎముకలో పీఎస్ఏ అనే ప్రొటీన్ కనిపించడం వల్ల. మీ నాన్నగారికో తాతగారికో డాక్టర్ రాసే పీఎస్ఏ రక్తపరీక్ష ఉందే, అదే. ఇలాంటి ప్రశ్నకు ముందు సీటీ స్కాన్, తర్వాత ప్రొటీన్. క్రిమి డీఎన్ఏ పరీక్షకి డబ్బు దండగ.

ఫ్లూ లాంటి ఆర్ఎన్ఏ వైరస్‌లకు డీఎన్ఏ ఉండదు, ఆర్ఎన్ఏ మామూలు సమాధుల్లో నిలవడం కష్టం. ఇక్కడ యాంటీబాడీలు (క్రిమిని పట్టుకోవడానికి ఒళ్ళు తయారుచేసే ప్రొటీన్లు) దారి చూపుతాయన్న ఆశ ఉంది. ఇంగ్లండ్‌లో 800 ఏళ్ళనాటి పళ్ళ నుంచి తీసిన యాంటీబాడీలు ఎప్‌స్టైన్ బార్ వైరస్ ప్రొటీన్‌ని ఇంకా గుర్తుపట్టి పట్టుకున్నాయని 2023లో చూపించారు. అది డీఎన్ఏ వైరసే, కానీ పద్ధతి దేనికైనా ఒకటే. అయితే ఇది ఇంకా పసిబిడ్డ పద్ధతి. మీ థీసిస్‌ని దీని మీద ఆనించకండి.

ఫ్లోరోసిస్ అయితే ఏ పరీక్షా వద్దు, మన నల్గొండ పళ్ళు చూసిన కన్ను చాలు. మన దేశంలో ఆ జబ్బుని మొదట నమోదు చేసింది కూడా 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా దర్శి, పొదిలి ప్రాంతంలో. ఇంకా రూఢి కావాలంటే ఎముకలో ఫ్లోరిన్ కొలవండి.

మెదడులాంటి మెత్తటి భాగాలు మిగిలి ఉంటే ప్రొటీన్ పరీక్షకి అది పండగే. విక్టోరియా కాలపు శ్మశానంలో దొరికిన 200 ఏళ్ళనాటి మెదళ్ళ నుంచి, యూరియాతో కణాల్ని విడదీసి, కేవలం 2.5 మిల్లీగ్రాముల నమూనాలో 1,200కి పైగా ప్రొటీన్లు గుర్తించామని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2025లో ప్రకటించారు. మానసిక, నరాల జబ్బుల చరిత్రకు ఇంతకన్నా దగ్గరి దారి నాకు తెలియదు. మన సమాధుల్లో మెదడు మిగలడమంటే లాటరీ తగిలినట్టే, అందుకే ఇక్కడితో ఆపుతున్నాను.

స్వెట్టర్ కథ

ప్రొటీన్ పరీక్ష డీఎన్ఏ కన్నా మురికికి తట్టుకుంటుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఒకసారి మా ల్యాబ్‌లో పాత పంటి నమూనాలో గొర్రె కెరాటిన్ (ఉన్ని, వెంట్రుకల్లో ఉండే ప్రొటీన్) కుప్పలుగా వచ్చింది. ఆ కాలపు మనిషి గొర్రెల కాపరి అయి ఉంటాడని ఒక కుర్రాడు అప్పుడే కథ అల్లేశాడు. తీరా చూస్తే ఏసీ చలికి నేను వేసుకున్న ఉన్ని స్వెట్టర్. ఇంకోసారి పాల ప్రొటీన్ వచ్చింది. పక్కగదిలో ఎవరో చాయ్ తాగుతున్నారు. గారలో పాల ప్రొటీన్ నిజంగా పాతదైతే అది పెద్ద ఆవిష్కరణ. చాయ్‌దైతే నవ్వులపాలు.

తేడా కొంతవరకు పట్టుకోవచ్చు. కాలం గడిచేకొద్దీ ప్రొటీన్‌లోని గ్లుటమిన్, ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లాలు డీఅమిడేషన్ అనే మార్పుకి లోనవుతాయి. నమూనాలో ఆ మార్పు ఎక్కువగా ఉంటే పాతది, లేకపోతే నిన్నటిది అని అనుమానించాలి. ఏమీ లేని ఖాళీ గొట్టాన్ని కూడా నమూనాతో పాటే నడిపించి, అందులో ఏం వచ్చిందో చూపించమనండి. చూపించని ల్యాబ్‌కి మీ పన్ను ఇవ్వకండి.

ఇంకో లోటు గురించి ఎవరూ గట్టిగా చెప్పరు. మాస్ స్పెక్ ప్రొటీన్ పేరు చెప్పదు, ముక్కల బరువులు ఇస్తుంది. వాటిని కంప్యూటర్ తన జాబితాలోని వరసలతో పోల్చి పేరు పెడుతుంది. జాబితాలో లేని క్రిమి మీకు ఎప్పటికీ కనబడదు, జాబితాలో ఉన్న దాని చుట్టం పేరు తగిలించుకుని వస్తుంది. ఒకే ఒక్క ముక్క ఆధారంగా జబ్బు ప్రకటించిన రిపోర్టు వస్తే, ఆ ముక్క ఇంకెన్ని బ్యాక్టీరియాల్లో ఉందో వెతికి చూడండి. నా అనుభవంలో సగం ఉత్సాహం ఆ వెతుకులాటలోనే చల్లారుతుంది.

ఏ వరసలో వెళ్ళాలి

మీ చేతిలో ఉన్నది ఒక్క మనిషి అవశేషం అయితే, తిరిగి రానివి చివరికి పెట్టండి. ముందు కళ్ళతో చూడటం, కొలతలు, ఫొటోలు. తర్వాత ఎక్స్‌రే, సీటీ. చాలామంది ప్రశ్నలు ఇక్కడే తీరిపోతాయి. పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఏడో నిజాం ఇచ్చిన ఈజిప్టు మమ్మీ ఉంది కదా, దాని గురించి ఏటా ఎవరో ఒకరు "డీఎన్ఏ చేయించొచ్చుగా" అంటారు. దేశంలో వేళ్ళ మీద లెక్కపెట్టే మమ్మీల్లో ఒకదాన్ని, స్పష్టమైన ప్రశ్న లేకుండా గీకడానికి నేను ఒప్పుకోను.

ఆ తర్వాత గార, పిసరంత చాలు, సగం ఎప్పుడూ మిగల్చాలి. ఒకే పిసరు నుంచి డీఎన్ఏ, ప్రొటీన్ రెండూ తీసే పద్ధతులున్నాయి. ల్యాబ్‌తో ముందే మాట్లాడుకుంటే రెండుసార్లు గీకే పని తప్పుతుంది. అందులో మనిషి ప్రొటీన్లు కూడా బాగా మిగిలాయని తెలిస్తే, అప్పుడు పంటి గుజ్జు గది, లోపలి చెవి ఎముక మీద డీఎన్ఏ కోసం ధైర్యం చేయొచ్చు. ప్రొటీనే చితికిపోతే డీఎన్ఏ మిగిలి ఉండే అవకాశం చాలా తక్కువ.

అనుమతుల సంగతి మర్చిపోవద్దు. తవ్వకంలో దొరికిన ఎముక మీ గైడ్‌ది కాదు, పురావస్తు శాఖది. ఏం కోస్తారు, ఎంత కోస్తారు, మిగిలింది ఎక్కడ పెడతారు అన్నది రాసి ఇవ్వాలి. ఇప్పటికీ వారసులు పూలు పెట్టి వెళ్ళే శ్మశానాల జోలికి మాత్రం అనుమతి ఉన్నా సరే వెళ్ళొద్దని నా అభిప్రాయం.

ఆ అమ్మాయి దవడ సంగతికి వస్తే, ముందు పళ్ళు నిగనిగలాడుతున్నాయి, ఎవరో శ్రద్ధగా తోమేశారు. ఫొటో పెద్దది చేసి చూస్తే కోరపన్ను వెనకవైపు, చిగురు అంచున, బియ్యపు గింజలో సగమంత గార కనిపించింది. ఇప్పుడు ఆమె ప్రశ్న "ఏం జబ్బులుండేవి" కాదు, "చిగుళ్ళ వాపు ఉండేదా, ఒళ్ళు దానితో పోరాడిందా" అని. ప్రొటీన్ దారే పట్టింది. అప్లికేషన్ పెట్టి మూడు నెలలైంది, అట్టపెట్టె మీద ఇంకా సీలు వేసే ఉంది. మొన్న మెసేజ్ పెట్టింది: "సార్, మీరు ఉన్ని స్వెట్టర్ వేసుకుని రాకండి."